కొరియాలో కొత్తగా అడుగుపెట్టిన తెలుగువారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ఏడేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ యూనివర్సిటీలు మార్చిలో, సెప్టెంబరులో మొదలవుతాయి. ఆ రెండు నెలల్లో మన పిల్లలు, కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. సగం ప్రశ్నలు అవసరం కొద్దీ వచ్చేవి, మిగతా సగం వీడియోలు చూసి పెంచుకున్న భయాలు. అందుకే నాకు తెలిసిన జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

పరిచయమైన రెండు నిమిషాలకే వయసెంత అని అడుగుతారు. అదేం పద్ధతి?

వాళ్ళు అడిగేది మీతో ఎలా మాట్లాడాలో తేల్చుకోవడానికి. మనకు నువ్వు, మీరు అన్న తేడా ఉన్నట్టే కొరియన్‌లో క్రియాపదం చివర మారిపోతుంది. ఒక్క ఏడాది పెద్దవాళ్ళైనా మర్యాద రూపమే వాడాలి. వయసు తెలియకపోతే వాక్యం ఎలా ముగించాలో వాళ్ళకు తోచదు. 'చింగు' అంటే స్నేహితుడని పుస్తకాల్లో ఉంటుంది కానీ మామూలుగా ఆ మాట ఒకే ఏడాది పుట్టినవాళ్ళ మధ్యే నడుస్తుంది. మనకన్నా మూడేళ్ళు పెద్దావిడ ఎంత దగ్గరైనా మన ఆడవాళ్ళకు 'ఒన్ని', అంటే అక్కే.

పెళ్ళయిందా, పిల్లలెందరు, అద్దె ఎంత అని కూడా అడుగుతారు. మన రైలు ప్రయాణాల్లో వినే ప్రశ్నలే ఇవి. చెప్పడం ఇష్టం లేకపోతే నవ్వి మాట మార్చేయండి, ఎవరూ పట్టుబట్టరు.

కొరియా లెక్కలో మన వయసు రెండేళ్ళు ఎక్కువ అవుతుందట, నిజమా?

ఒకప్పుడు నిజమే. పుట్టగానే ఒక ఏడాది, తర్వాత ప్రతి జనవరి 1కి ఇంకో ఏడాది కలిపేవారు. డిసెంబరు 31న పుట్టిన బిడ్డకు మర్నాటికే రెండేళ్ళు. 2023 జూన్ 28 నుంచి చట్టప్రకారం మామూలుగా పుట్టినరోజు లెక్కే చెల్లుతుంది. అయితే మాటల్లో పాత లెక్క ఇంకా వినిపిస్తుంది కాబట్టి పుట్టిన సంవత్సరం చెప్పడం తేలిక.

పక్కింటావిడను, హోటల్లో వడ్డించే ఆమెను ఏమని పిలవాలి?

పేరు పెట్టి మాత్రం పిలవకండి. ఈ విషయంలో మనం పెరిగిన పద్ధతి బాగా పనికొస్తుంది. చిన్న హోటళ్ళలో వడ్డించే పెద్దావిడను 'ఇమో' అంటారు, అంటే అమ్మ తోడబుట్టినది, మన పిన్ని. దుకాణదారు 'సాజంగ్‌నిమ్'. ఆఫీసులో హోదా పేరు చివర 'నిమ్' చేరుస్తారు, మన 'గారు' లాగే. ఎలా పిలవాలో తెలియకపోతే 'చొగియో' అనండి, 'ఏమండీ' అన్నట్టు ఉంటుంది. 'అజుమ్మా' (నడివయసు ఆవిడ) అన్న మాట తెలుసు కదా అని వాడేయకండి. నలభైల్లో ఉన్న ఆడవాళ్ళు చాలామంది దానికి నొచ్చుకుంటారు.

ఇంకో తేడా కూడా ఉంది. మనకు అన్న ఎవరికైనా అన్నే. ఇక్కడ ఆడపిల్ల అన్నను 'ఒప్పా' అంటుంది, మగపిల్లాడు 'హ్యొంగ్' అంటాడు. సీరియళ్ళు చూసి వచ్చిన మన అబ్బాయిలు సీనియర్‌ను 'ఒప్పా' అని పిలవడం నేను రెండుమూడుసార్లు విన్నాను.

మెట్రోలో తోసుకుంటూ వెళ్తారు, సారీ కూడా చెప్పరు. మనుషులే కఠినమా?

కాదు. కిక్కిరిసిన చోట భుజం తగలడం వాళ్ళ దృష్టిలో తప్పే కాదు. మన బస్టాండులోనూ అంతే కదా! కొత్త మనిషిని చూసి ఊరికే నవ్వే అలవాటు కూడా ఇక్కడ లేదు. ఒక్కసారి పరిచయమైతే మాత్రం వేరే మనుషుల్లా ఉంటారు.

మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ మొదటి మూడు నెలలు లిఫ్టులో నావైపు చూసేది కూడా కాదు. నవంబరులో ఒక సాయంత్రం తలుపు తట్టి, మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టిన డబ్బా నా చేతిలో పెట్టింది. అందులో ఆ రోజే కలిపిన కిమ్చి, అంటే కారం పట్టించి ఊరబెట్టే క్యాబేజీ పచ్చడి, ఉంది. శీతాకాలానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని కిమ్చి పెట్టుకోవడాన్ని 'కిమ్‌జాంగ్' అంటారు. మనకు ఎండాకాలంలో ఆవకాయ ఎలాగో వాళ్ళకు అదలా. 2013లో దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వడానికి మనసొప్పక పులిహోర పెట్టి ఇచ్చాను. అప్పటి నుంచి ఆవిడ కనిపించినప్పుడల్లా 'బప్ మొగొస్సొయో?' అంటుంది. అంటే అన్నం తిన్నావా అని. అది పలకరింపు మాత్రమే, భోజనానికి పిలవడం కాదు. 'నే, మొగొస్సొయో' (ఆఁ, తిన్నానండీ) అంటే చాలు. మన ఊళ్ళో 'భోజనమైందా' అంటే మనం ఏం చెబుతామో అదే.

చెత్త విషయంలో అందరూ తిట్లు తింటున్నారు. అసలు నియమం ఏమిటి?

కొత్తవాళ్ళకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. 1995 నుంచి ఇక్కడ పారేసినంతకు డబ్బు కట్టే పద్ధతి ఉంది. మామూలు చెత్తను 'జొంగ్‌న్యాంగ్‌జే' అనే సంచిలోనే వేయాలి. ఆ సంచి ధరలోనే చెత్త రుసుము కలిసి ఉంటుంది, అందుకే మామూలు కవరు చెల్లదు. మీ జిల్లా పేరు అచ్చువేసిన సంచులు సూపర్ మార్కెట్లో, కన్వీనియన్స్ స్టోర్లో కౌంటరు దగ్గర అడిగితే ఇస్తారు. ప్లాస్టిక్, గాజు, డబ్బాలు కడిగి, కాగితం విడిగా పెట్టి, దేనికదే విడదీసి వేయాలి. వంటింటి చెత్త మళ్ళీ వేరు. చాలా అపార్ట్‌మెంట్లలో దానికి తూకం వేసే డబ్బా ఉంటుంది. కార్డు చూపిస్తే మూత తెరుచుకుంటుంది, బరువును బట్టి మెయింటెనెన్స్ బిల్లులో డబ్బు పడుతుంది.

మనవాళ్ళు పొరపాటు పడేది వంటింటి చెత్త దగ్గరే. వంటింట్లోంచి వచ్చిందల్లా అందులో వేయకూడదు. జంతువు తినగలిగేదే వేయాలి. ఎముకలు, గుడ్డు పెంకులు, రొయ్య పొట్టు, ఉల్లిపొట్టు, వెల్లుల్లి పొట్టు, మామిడి టెంక, కొబ్బరి చిప్ప, టీ వడకట్టాక మిగిలిన పొడి మామూలు చెత్తలోకి పోవాలి. కూర తొక్కలు, అరటి తొక్క, మిగిలిన అన్నం నీళ్ళు పిండేసి వంటింటి చెత్తలో వేయొచ్చు. జిల్లాను బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి, ఆ డబ్బా మీదే బొమ్మలతో రాసి ఉంటుంది.

నేను వచ్చిన రెండో నెలలో కోడి ఎముకలు, గుడ్డు పెంకులు అన్నీ కలిపి వేసేశాను. వాచ్‌మన్ పెద్దాయన నన్ను వెనక్కి పిలిచి, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, నా సంచి విప్పి ఒక్కొక్క ఎముకా ఏరి పక్కన పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ నా ముఖం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అందరి ముందూ అవమానించాడని ఆ రాత్రి ఏడ్చాను. వంటింటి చెత్తను నేరుగా భూమిలో పూడ్చడం 2005 నుంచే నిషేధమని, దాన్ని పశువుల దాణాగా, ఎరువుగా మారుస్తారని, ఎముక పడితే యంత్రం పాడవుతుందని తర్వాత తెలిసింది. మాటలు రాని మనిషికి ఆయన చేత్తో పాఠం చెప్పాడు. అంతకన్నా మంచి దారి అప్పుడు ఆయనకు మాత్రం ఏముంది?

మేం శాకాహారులం. బతకగలమా?

ఇంట్లో వండుకుంటే హాయిగా బతకొచ్చు. బయట మాత్రం జాగ్రత్త. కూరగాయల వంటలా కనిపించే చాలావాటిలో పులుసు ఎండు చేపలతో కాచినదే ఉంటుంది. కిమ్చి శాకాహారమనుకోవడం పెద్ద అపోహ. ఎక్కువగా అందులో ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలో, చేపల రసమో వేస్తారు. 'మాంసం తీసేయండి' అంటే పైనున్న ముక్కలు తీసేసి అదే పులుసు వడ్డిస్తారు. వాళ్ళు మోసం చేస్తున్నట్టు కాదు. 'గోగి' అంటే వాళ్ళకు మాంసపు ముక్క, పులుసు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి పులుసు, చేప, రొయ్య, హ్యామ్ అన్నీ విడివిడిగా అడగాలి. అన్నం మీద కూరలు పెట్టి ఇచ్చే బిబింబాప్‌లో మాంసం, గుడ్డు వద్దన్నా, పైన వేసే గోచుజాంగ్‌ను (మిరపకాయల ముద్ద) కొన్ని చోట్ల గొడ్డుమాంసంతో వేయించి ఉంచుతారు.

పాకెట్లలో దొరికే వాటి మీద అలర్జీ కలిగించే పదార్థాల పేర్లు విడిగా అచ్చువేస్తారు. 'స్వేగోగి' గొడ్డుమాంసం, 'త్వేజిగోగి' పందిమాంసం, 'తక్‌గోగి' కోడి. ఈ మూడు మాటలు కొరియన్ లిపిలో చదవడం వస్తే నూడిల్స్ కొనేటప్పుడు సగం బెంగ తీరుతుంది. లిపి నేర్చుకోవడానికి వారం చాలు. సెజొంగ్ రాజు 1443లో మామూలు జనం చదువుకోవాలనే దాన్ని రూపొందించాడు. మూల అక్షరాలు 24 మాత్రమే. మన గుణింతాలు వచ్చినవారికి అదేం కష్టం కాదు.

నిశ్చింతగా తినాలనుంటే బౌద్ధ ఆలయాల పద్ధతిలో వండే హోటళ్ళు వెతకండి. 'సాచల్ ఉమ్‌షిక్' అంటారు. మాంసం ఉండదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకమాసంలో మనవాళ్ళు వండుకునే వంటలా ఉంటుంది. పప్పులు, పొడుగు బియ్యం, మసాలాలు సియోల్‌లో ఇథేవాన్ మసీదు చుట్టుపక్కల, అన్సాన్‌లో వొన్‌గొక్-డాంగ్‌లో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళే ఎక్కువ.

కొరియా వంటలు మంట పుట్టించే కారమట కదా?

గుంటూరు కారం తిన్నవారికి కాదు. గోచుజాంగ్ పులియబెట్టిన ముద్ద, కాస్త తీపి. చాలామంది మనవాళ్ళకు ఇబ్బంది పెట్టేది కారం కాదు, ఆ తీపే.

రాత్రి ఫ్యాన్ వేసుకుని పడుకుంటే చనిపోతారని మా ఇంటి ఓనరు చెప్పింది!

తలుపులు మూసి ఫ్యాన్ కింద నిద్రపోతే ప్రాణం పోతుందన్న నమ్మకం ఇక్కడ చాలాకాలం ఉండేది. దానికి వైద్యపరంగా ఆధారం లేదు. మన దేశంలో కోట్లమంది వేసవంతా ఫ్యాన్ కిందే పడుకుంటారు. కుర్రవాళ్ళు ఇప్పుడు పెద్దగా నమ్మడం లేదు. ఆవిడ మాత్రం మీ మేలు కోరే చెప్పింది, వాదించకండి. ఫ్యాన్‌కు టైమర్ ఉంటుంది.

అందరూ కుక్క మాంసం తింటారా?

లేదు. నా ఏడేళ్ళలో తిన్నామని చెప్పినవారు ఒకరిద్దరు ముసలివాళ్ళే. 2024 జనవరిలో పార్లమెంటు దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2027 నుంచి తినడానికి కుక్కల్ని పెంచడం, చంపడం, అమ్మడం నేరం. ఇక్కడి పార్కులో తోపుడు బండిలో కూర్చోబెట్టి కుక్కను తిప్పేవాళ్ళు కనిపిస్తారు. దయచేసి మొదటి పరిచయంలో ఈ ప్రశ్న అడగకండి. చాలా నొచ్చుకుంటారు.

ఉత్తర కొరియాతో యుద్ధం వస్తుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు.

1953లో కుదిరింది కాల్పుల విరమణ మాత్రమే, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. అందుకే మెట్రో స్టేషన్లలో గ్యాస్ మాస్కులు పెట్టిన అద్దాల బీరువాలు కనిపిస్తాయి. ఆగస్టులో డ్రిల్ రోజున సైరన్ మోగుతుంది. ఫోన్లో పెద్ద శబ్దంతో ప్రభుత్వ హెచ్చరికలు వస్తాయి. వాటిలో ఎక్కువ వానలు, ఎండలు, తప్పిపోయిన వృద్ధుల గురించే. మెసేజ్‌ను అనువదించి చదువుకున్నాకే ఇంటికి ఫోన్ చేయండి. రోజువారీ జీవితంలో ఈ భయం ఎవరి ముఖంలోనూ కనిపించదు.

చలికాలంలో ఊరెళ్తే హీటర్ ఆపేయాలా?

పూర్తిగా ఆపకండి. ఇక్కడ నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు తిరుగుతాయి, దీన్నే 'ఒందోల్' అంటారు. అందుకే చెప్పులు గడప దగ్గరే విడుస్తారు, నేల మీదే కూర్చుంటారు, పడుకుంటారు. జనవరిలో ఉష్ణోగ్రత మైనస్ పది దాకా పోతుంది. బాయిలర్ పూర్తిగా ఆగితే గొట్టాలు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది. గోడ మీదున్న ప్యానెల్లో 'వేచుల్' అన్న బటన్ ఉంటుంది, బయటికి వెళ్తున్నామని అర్థం. అది నొక్కి వెళ్ళండి.

బ్యాంకులో ఖాతా ఉంది, ఫోన్ ఉంది. అయినా ఆన్‌లైన్‌లో ఏం కొనబోయినా 'వివరాలు సరిపోలలేదు' అంటోంది. ఎందుకు?

మన పేర్ల వల్ల. ఇక్కడివాళ్ళ పేరు మామూలుగా మూడు అక్షరాలు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఆపైన రెండు మాటల పేరు, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. వచ్చిన 90 రోజుల్లోపు నమోదు చేయించుకుంటే ఇచ్చే రెసిడెన్స్ కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పడుతుంది. ఆ పేరును బ్యాంకువారు ఒకలా, ఫోన్ కంపెనీవారు మరోలా ఎక్కిస్తే ఇక ఏ యాప్ మిమ్మల్ని గుర్తించదు. నా విషయంలో ఒకచోట మాటల మధ్య ఖాళీ ఉంది, ఒకచోట లేదు. ఆ ఒక్క ఖాళీ కోసం ఐదు వారాలు తిరిగాను. కార్డు చేతికి రాగానే రెండుచోట్లకూ వెళ్ళి, తెరమీద నా పేరు ఎలా ఉందో చూపించమని అడగండి. అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే లేవండి.

జ్వరం వస్తే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చా?

ముందు వీధిలోని చిన్న క్లినిక్‌కు వెళ్ళండి. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రుల్లో బీమా వర్తించాలంటే సాధారణంగా అక్కడి నుంచి ఉత్తరం కావాలి. ఆరు నెలలకు మించి ఉండే విదేశీయులకు 2019 జూలై నుంచి ఆరోగ్య బీమా తప్పనిసరి, విద్యార్థులకు 2021 మార్చి నుంచి. డబ్బు కట్టకుండా వదిలేస్తే వీసా పొడిగింపు దగ్గర ఇబ్బంది పడతారు. డాక్టరు రాసిన మందులు షాపులో మామూలుగా స్ట్రిప్పుల్లో ఇవ్వరు. పూటకు వేసుకోవాల్సిన మాత్రలన్నీ కలిపి చిన్న కాగితపు పొట్లంలో సీలు వేసి, పొట్లాలన్నీ దండలా కలిపి ఇస్తారు. ఏ పొట్లంలో ఏముందో బయటి సంచి మీద రాసి ఉంటుంది. మీకు పడని మందుంటే ముందే చెప్పండి. అంబులెన్సుకు 119, మన 108 లాంటిదే, డబ్బు తీసుకోరు. పోలీసులకు 112.

ఏజెంటు ఫ్యాక్టరీ ఉద్యోగమని చెప్పి లక్షలు అడుగుతున్నాడు. నమ్మొచ్చా?

నమ్మకండి. ఫ్యాక్టరీ, పొలం పనులకు ఇచ్చే ఇ-9 వీసా కొన్ని దేశాలతో ప్రభుత్వ ఒప్పందం ద్వారానే ఇస్తారు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక ఆ జాబితాలో ఉన్నాయి, మన దేశం లేదు. నేపాలీ కుర్రాళ్ళు పనిచేస్తున్న వీడియోలు చూపించి మనవాళ్ళ దగ్గర డబ్బు గుంజే ఏజెంట్లు ఉన్నారు. టూరిస్టు వీసా మీద పంపిస్తాం, అక్కడికి వెళ్ళాక మార్చుకోవచ్చు అంటే అసలు ఒప్పుకోకండి. ఆ దారిలో వచ్చినవాడికి జీతం ఎగ్గొట్టినా పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి భయం, జబ్బు చేస్తే బీమా లేదు. ఒక అబ్బాయి తల్లి పొలం తాకట్టు పెట్టి పంపిందని తెలిశాక ఈ మాట అందరికీ గట్టిగా చెబుతున్నాను. విద్యార్థులు కూడా ఇమిగ్రేషన్ అనుమతి తీసుకున్నాకే పార్ట్‌టైం పనిలో చేరాలి. సందేహం ఉంటే 1345కి ఫోన్ చేయండి. అది విదేశీయుల కోసం ప్రభుత్వం నడిపే నంబరు, ఇంగ్లీషులో కూడా మాట్లాడతారు.

మన రంగు చూసి చిన్నచూపు చూస్తారా?

కొందరు చూస్తారు. లేదని చెప్పి మిమ్మల్ని మోసం చేయలేను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడ్డవారిని చూశాను. ఇల్లు వెతుకుతుంటే, ఓనరు విదేశీయులకు ఇవ్వనంటున్నాడని ఏజెంటు మొహమాటం లేకుండా చెప్పాడు. వివక్షను అన్ని రంగాల్లో నిషేధించే సమగ్ర చట్టం ఇక్కడ లేదు. 2007 నుంచి బిల్లులు వస్తున్నాయి, ఏదీ గట్టెక్కలేదు. అయినా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. జీతం, అద్దె డిపాజిట్ లాంటి డబ్బు విషయాలైతే ఊరుకోకండి, కాగితాలు దాచుకోండి. 'ముఖం చిన్నగా ఉంది' అని మాత్రం ఎవరైనా అంటే అది పొగడ్త, బాధపడకండి.

కొరియన్ భాష తెలుగు నుంచే పుట్టిందని, వాళ్ళ రాణి మన దేశపు అమ్మాయని ఫార్వర్డ్‌లు వస్తాయి. నిజమేనా?

భాష సంగతి ముందు. 1905లోనే హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోల్చాడు. ఆ చుట్టరికాన్ని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. పోలికలు మాత్రం మనకు బాగా కలిసొస్తాయి. 'నానున్ జిబె గాయో' అంటే 'నేను ఇంటికి వెళ్తున్నా', మాటల వరస కూడా అదే. 'జిబ్' ఇల్లు, 'ఎ' మన 'కి'. ఇంకా నాకు బాగా నచ్చింది 'ఉరి' అన్న మాట. 'మా' అని అర్థం. తోబుట్టువులు లేని పిల్ల కూడా 'ఉరి ఒమ్మా' అంటుంది. మనం నా అమ్మ అంటామా? మా అమ్మ అనే కదా అంటాం! ఇంగ్లీషు ద్వారా కొరియన్ నేర్చుకుంటే ఇది వింతగా ఉంటుంది, తెలుగు ద్వారా నేర్చుకుంటే అసలు సందేహమే రాదు.

ఇక రాణి. పదమూడో శతాబ్దపు 'సాంగుక్ యుసా' అనే పాత కథల, చరిత్రల పుస్తకంలో, అయుత దేశం నుంచి క్రీ.శ. 48లో ఓడ మీద వచ్చిన హొ హ్వాంగ్-ఒక్ సురో రాజును పెళ్ళాడిందని ఉంది. ఆమె సమాధి కిమ్హే నగరంలో ఉంది. కిమ్హే కిమ్ వంశంవారు ఆమె సంతతి అని చెప్పుకుంటారు, అయోధ్యలో ఆమె స్మారకం కూడా కట్టారు. కానీ ఆ అయుత అయోధ్యేనని చరిత్రకారులు తేల్చలేదు. నమ్మేవాళ్ళు మాత్రం మనల్ని చూడగానే ఆప్యాయంగా 'అమ్మమ్మగారి దేశం' అంటారు. ఆ ఆప్యాయతను తీసుకోండి, చరిత్ర పాఠం చెప్పకండి.

అమ్మానాన్నలు చూడటానికి వస్తున్నారు. ఏం జాగ్రత్తలు చెప్పాలి?

చికెన్, మటన్ పచ్చళ్ళు, పచ్చి మామిడికాయలు, పండ్లు తేవద్దనండి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పారేయించి జరిమానా వేస్తారు. మందులుంటే డాక్టరు చీటీ ఇంగ్లీషులో ఉండాలి. ఇక్కడి బీమా వాళ్ళకు వర్తించదు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దారి చూసుకోవడానికి ఫోన్లో ఇక్కడి మ్యాప్ యాప్‌లు నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ వేసి ఇవ్వండి. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలని రెండుసార్లు చెప్పండి.

మా అమ్మ వచ్చినప్పుడు మధ్యాహ్నాలు కింద పెద్దవాళ్ళు కూర్చునే గదికి వెళ్ళి, అక్కడి అమ్మమ్మలతో కలిసి వెల్లుల్లి వలిచేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ సంచిలో అపార్ట్‌మెంట్ పేరు, బిల్డింగ్ నంబరు, నా ఫోన్ నంబరు కొరియన్‌లో రాసిన కాగితం పెట్టాను. ఒకరోజు అమ్మ ఎదురు దిక్కు బస్సెక్కేసింది. డ్రైవరు ఆ కాగితం చదివి, చివరి స్టాపులో తనే రోడ్డు దాటించి సరైన బస్సెక్కించి, నాకు ఫోన్ చేశాడు.